క్యాంపస్ అంటే బయలు: విశ్వవిద్యాలయాల పాలకులకు ఒక బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు, రిజిస్ట్రార్లకు, పాలకమండళ్ల సభ్యులకు, మాస్టర్ ప్లాన్లు గీసే ఆర్కిటెక్టులకు,

నమస్కారం.

మీకు ఎన్ని పనులుంటాయో నాకు తెలుసు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. నేను విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చెబుతాను. మా దగ్గర పరిపాలనా భవనానికీ గ్రంథాలయానికీ మధ్య విశాలమైన ఖాళీ జాగా ఉండేది. దాని చుట్టూ ఇనప కంచె వేశారు. కంచెకు బోర్డు కట్టారు: ‘క్యాంపస్‌లో అనుమతి లేకుండా గుమికూడరాదు.’ కంచె ఎందుకంటే కొత్త బ్లాకు వస్తోందన్నారు. బోర్డు ఎందుకంటే పైనుంచి వచ్చిన సర్క్యులర్ అన్నారు. అధ్యాపకులం కొందరం, విద్యార్థులు, ఆ నేలకు రోజూ నీళ్లు పట్టే తోటమాలులు కలిసి సంతకాలు చేసి వినతిపత్రం ఇచ్చాం. తీసుకుని ముద్ర వేశారు. జవాబు లేదు. మళ్లీ రాశాం. దానికీ జవాబు లేదు.

ఇది మా ఒక్క చోటి గొడవే అయితే మా గేటు లోపలే తేల్చుకునేవాళ్లం. కానీ వేరే విశ్వవిద్యాలయాల్లో పనిచేసే మిత్రుల్ని ఎవర్ని కదిపినా ఇదే మాట చెబుతున్నారు. ఖాళీ నేల కనిపిస్తే కట్టడానికి జాగా దొరికిందనుకోవడం, నలుగురు చేరితే శాంతిభద్రతల సమస్య అనుకోవడం మామూలైపోయింది. అందుకే ఈ లేఖ మీ అందరికీ.

ఆ బోర్డు మీదున్న మొదటి మాటకూ చివరి మాటకూ పొత్తు కుదరదు. క్యాంపస్ అనే మాట పుట్టిందే జనం చేరే బయలుకు పేరుగా. అది విశ్వవిద్యాలయాల్లోకి వచ్చింది కూడా ఒక మైదానం పేరుగానే, భవనాల పేరుగా కాదు. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మా కోర్కెలు దీని మీదే నిలబడి ఉన్నాయి.

క్యాంపస్ లాటిన్ మాట. చదునుగా, అడ్డూ ఆపూ లేకుండా పరుచుకున్న నేల అని అర్థం. దున్ని పంట వేసే పొలానికి లాటిన్‌లో ‘అగెర్’ అని వేరే మాట ఉంది. అగ్రికల్చర్‌లో ఉన్నది ఆ అగెరే. క్యాంపస్ సంతానం మన నోళ్లలో రోజూ ఆడుతూనే ఉంది. సైన్యం ఆరుబయట గుడారాలు వేసుకుంటే క్యాంపు. చలికాలపు విడుదులు వదిలి సేనలు బయళ్లలోకి దిగితే క్యాంపెయిన్. తర్వాత అది ఎన్నికల ప్రచారానికీ పేరయింది. బరిలో దిగి పోరాడేవాడు ఛాంపియన్. జర్మన్‌లో పోరాటాన్ని ‘కాంప్ఫ్’ అంటారు, అదీ ఈ ఇంటిదే. ఫ్రెంచి ‘షాం’, ఇటాలియన్, స్పానిష్ ‘కాంపో’ పొలానికీ బయలుకూ పేర్లు. వెనిస్‌లో సెయింట్ మార్క్ కూడలి ఒక్కటే పియాజ్జా, మిగతా కూడళ్లన్నీ దాదాపుగా కాంపోలే. రాళ్లు పరవకముందు అవి పచ్చిక నేలలు. పారిస్‌లో ఈఫిల్ టవర్ దగ్గరి మైదానం ‘షాం ద మార్స్’ కూడా రోమ్‌లోని ఒక క్యాంపస్ పేరే పెట్టుకుంది. ఇన్ని మాటల్లో ఒక్కదానికైనా మూలంలో గోడ అనే అర్థం లేదు, కప్పు అనే అర్థం లేదు.

రోమన్లు ఇంకే విశేషణమూ లేకుండా క్యాంపస్ అంటే సాధారణంగా ఆ ఒక్క చోటే: క్యాంపస్ మార్షియస్, యుద్ధదేవుడు మార్స్ మైదానం. టైబర్ నది వంపులో, నగరపు పవిత్ర సరిహద్దుకు బయట ఉండేది. చరిత్రకారుడు లివీ చెప్పిన కథ ప్రకారం అది టార్క్విన్ రాజవంశం వారి భూమి. రాజుల్ని వెళ్లగొట్టాక ఆ నేలను మార్స్‌కు అంకితం చేశారు. అప్పటికి దాని మీద పంట కోతకు వచ్చి ఉంది. ఆ గింజ తినడం దోషమని కోసి గంపలకెత్తి నదిలో పారబోశారట. కథలో నిజమెంతో అలా ఉంచితే, రాజు సొంత నేల అందరి బయలైంది అని రోమన్లు తమ పిల్లలకు చెప్పుకున్నారన్నది ముఖ్యం.

ఆ బయల్లో యువకులు గుర్రపు స్వారీ, కుస్తీ, బంతి ఆటలు ఆడేవారు. జనాభా లెక్కలకు పౌరులు చేరేవారు. అన్నిటికన్నా మించి, కాన్సల్స్‌నూ ప్రీటర్లనూ, అంటే రోమ్‌ను పాలించే పెద్ద అధికారుల్ని, ఎన్నుకునే సభ అక్కడే జరిగేది. ఆ సభ యుద్ధవ్యూహం తీరులో ఏర్పడింది కాబట్టి నగరం లోపల కూడకూడదని నియమం. సభ నడుస్తున్నంతసేపు నది అవతల జానిక్యులం కొండ మీద జెండా ఎగురుతుండేది. శత్రువు వస్తే దించడానికి పెట్టిన ఏర్పాటు అది; దించారంటే సభ రద్దయినట్టే. జనం అంతమంది ఒక్కచోట చేరడం అవసరమని ఒప్పుకుని, దానికి కావలసిన కాపలాను వాళ్లు కొండ మీద పెట్టుకున్నారు. మనం కాపలాను జనం మీదే పెడుతున్నాం. ఎన్నికలకు మారుపేరుగా కూడా క్యాంపస్ అనేవారు. ప్రసిద్ధ రోమన్ వక్త సిసెరో అయితే వక్తలు తమ వాక్చాతుర్యం చూపించుకునే విషయ విస్తృతిని కూడా క్యాంపస్ అనే అన్నాడు.

తర్వాత ఆ మైదానం ఏమైందో మీరు తప్పకుండా తెలుసుకోవాలి. క్రీ.పూ. 55లో సేనాని పాంపే అక్కడ పెద్ద నాటకశాల కట్టించాడు. అగస్టస్ చక్రవర్తి సేనాని అగ్రిప్పా పాంథియన్ అనే గుడి, స్నానశాలలు కట్టించాడు. ఓటర్లు బారులు తీరే చెక్క దడికి బదులు చలువరాతి మండపం లేచింది, క్రీ.పూ. 26లో అగ్రిప్పా దానికి ప్రారంభోత్సవం చేశాడు. ఒక్కో కట్టడమూ అందమైనదే. ఒక్కోటీ ప్రజల కోసమే అని చెప్పి కట్టిందే. ఈలోగా క్రీ.శ. 14లో టైబీరియస్ చక్రవర్తి కాలంలో ఎన్నికలు క్యాంపస్ నుంచి సెనేట్‌కు తరలిపోయాయి. చరిత్రకారుడు టాసిటస్ దీన్ని ఒక చిన్న వాక్యంలో చెప్పి, హక్కు పోయినందుకు జనం ఊరికే గొణుక్కోవడం తప్ప ఏమీ చేయలేదని కూడా రాశాడు. ఓటు కోసం కట్టిన మండపంలో గ్లాడియేటర్ల పోరాటాలు, ప్రదర్శనలు జరిగాయి. మార్షల్ అనే కవి నాటికి అది ధనవంతుల ఖరీదైన సరుకులు అమ్మే అంగడిగా మారిపోయింది.

నేను ఈ కథను తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది: ‘అడ్డుకోలేదా ఎవరూ?’ ఒక్క రోజులో జరిగినది కాదు కాబట్టి ఎవరికీ అడ్డుకోవాల్సిన రోజు కనిపించి ఉండదని చెబుతుంటాను.

రోమ్ నుంచి ఈ మాట చదువుల్లోకి వచ్చింది పద్దెనిమిదో శతాబ్దంలో, అమెరికాలో. 1746లో స్థాపించిన న్యూజెర్సీ కాలేజీ 1756లో ప్రిన్స్‌టన్‌కు తరలివచ్చింది. ఇప్పటి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం అదే. నాసా (Nassau) హాల్ అనే ఒకే ఒక పెద్ద రాతి భవనం, దాని ముందు చదునైన ఖాళీ నేల. అప్పటికి హార్వర్డ్‌లో కాలేజీ చుట్టూ ఉన్న దడి కట్టిన నేలను ‘యార్డ్’ అనేవారు; ఇప్పటికీ అంటారు. ప్రిన్స్‌టన్‌లోనూ మొదట్లో ఆ మాటే నడిచింది. 1768లో స్కాట్లండ్ నుంచి జాన్ విదర్‌స్పూన్ కాలేజీ అధ్యక్షుడిగా వచ్చాడు. లాటిన్ బాగా వచ్చిన ఆయనే ఎదురుగా ఉన్న బయలు చూసి క్యాంపస్ అనడం మొదలుపెట్టి ఉంటాడని భావిస్తారు. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో ఆయన ఒకడు.

కాలేజీ మైదానాన్ని క్యాంపస్ అన్న తొలి రాతగా పదచరిత్రకారులు చూపేది 1774 జనవరిలో అక్కడి విద్యార్థి ఒకరు రాసిన ఉత్తరం. దానికి కొన్ని వారాల ముందు, 1773 డిసెంబర్ 16న, బ్రిటిష్ వారి తేయాకు పన్నుకు నిరసనగా బోస్టన్ రేవులో తేయాకు పెట్టెల్ని సముద్రంలో పారేశారు. ఆ వార్త విన్న ప్రిన్స్‌టన్ విద్యార్థులు కాలేజీ వంటశాలకు చలికాలం కోసం నిల్వచేసిన తేయాకంతా ఎత్తుకొచ్చి, క్యాంపస్‌లో మంట వేసి తగలబెట్టారు. గంట మోగించారు. తీర్మానాలు చేశారు. మసాచుసెట్స్ గవర్నరు దిష్టిబొమ్మను కాల్చారు. ఈ సంగతులే ఆ విద్యార్థి ఉత్తరంలో ఉత్సాహంగా రాసుకున్నాడు.

విశ్వవిద్యాలయాల చరిత్రలో క్యాంపస్ అన్న మాట తొలిసారి కాగితం మీదకు వచ్చింది విద్యార్థులు అనుమతి అడగకుండా గుమికూడిన సంఘటన చెప్పడానికి. మా కంచె మీది బోర్డు రాయించినవారికి ఈ సంగతి తెలిసి ఉంటే ఆ వాక్యం అలా రాయించేవారు కారని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

ఆ తర్వాత మాట అర్థం మెల్లగా జరిగింది. ముందు భవనం ఎదుటి మైదానం ఒక్కటే క్యాంపస్. తర్వాత మైదానమూ దాని చుట్టూ ఉన్న భవనాలూ కలిపి. తర్వాత మొత్తం సంస్థ. బ్రిటన్‌కు ఈ వాడుక చేరింది ఇరవయ్యో శతాబ్దంలోనే; ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కాలేజీల్లో నాలుగు వైపులా కట్టడాలు మూసిన ముంగిలినే ‘క్వాడ్’ అనీ ‘కోర్ట్’ అనీ అంటారు. 1819లో ఏర్పడిన వర్జీనియా విశ్వవిద్యాలయం ఈనాటికీ క్యాంపస్ అనదు, ‘గ్రౌండ్స్’ అంటుంది. పేరు ఏదైతేనేం, నేలను మరవలేదు. ఇప్పుడు కంపెనీ ఆఫీసూ క్యాంపసే, హైవే పక్కన లిఫ్టు, పార్కింగు తప్ప మరేమీ లేని ఐదంతస్తుల మేడా క్యాంపసే. మైదానం నుంచి మొదలైన మాటలో చివరికి మైదానమే లేకుండా పోయింది.

తెలుగులో క్యాంపస్‌ను ఆవరణ అంటాం, ప్రాంగణం అంటాం. ఆవరణ అంటే చుట్టూ కమ్మి ఉన్నది, మూసేది. అంగణం ఇంటి ముంగిలి. రెండూ మంచి మాటలే గానీ క్యాంపస్‌లోని విశాలత వాటిలో సగమే వస్తుంది. నిజానికి ఆ విశాలత మనకు ‘రంగం’లో ఉంది: నాటకం ఆడే చోటూ రంగమే, యుద్ధం జరిగే చోటూ రంగమే, పదిమంది చేరే చోటూ రంగమే. విద్యారంగం అని రోజూ అంటున్నాం కదా, ఆ రంగానికి కాళ్లు మోపే నేల ఒకటి ఉండాలనే మేం అడుగుతున్నాం.

ఇంతకూ ఆ నేల పోతే నష్టం ఎవరికి? వరసగా చెబుతాను.

1. మొదటి నష్టం విద్యార్థికి. తరగతి గదిలో భౌతికశాస్త్రం చదివేవాడికి భౌతికశాస్త్రం చదివేవాళ్లే కనిపిస్తారు. హాస్టల్‌లో గది పక్క గదే. చరిత్ర చదివే అమ్మాయి, న్యాయశాస్త్రం చదివే అబ్బాయి, ప్రయోగశాలలో రాత్రంతా గడిపే పరిశోధకుడు ఒకరికొకరు తారసపడేది బయట గడ్డి మీదే. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తానే అయిన పిల్లకు ఫలానా స్కాలర్‌షిప్ ఉందని, ఫలానా పరీక్షకు ఇలా చదవాలని, ఫలానా అధ్యాపకుణ్ణి భయపడకుండా అడగొచ్చని చెప్పేది నోటీసు బోర్డు కాదు, చెట్టు కింద కూర్చున్న సీనియర్. క్యాంటీన్‌లో ఆ పని జరగదా అంటారేమో. క్యాంటీన్‌లో కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. గడ్డి మీద కూర్చోవడానికి జేబులో ఏమీ అక్కర్లేదు. ఈ తేడా చేతిలో డబ్బులున్నవాళ్లకు కనబడదు, లేనివాళ్లకు ప్రతి మధ్యాహ్నం తెలుస్తుంది. మేడలు ఎన్ని కట్టినా ఈ ఉచితమైన చోటును వాటి లోపల సృష్టించలేరు.

2. గుమికూడకూడదంటే గొడవ ఆగదు, చోటు మారుతుంది అంతే. క్యాంపస్‌లో కూర్చోనివ్వకపోతే పిల్లలు గేటు ముందు రోడ్డు మీద కూర్చుంటారు. అక్కడికి మీరు రాలేరు, పోలీసులు వస్తారు. మీరు ఐదు నిమిషాలు నడిచొచ్చి వినాల్సిన మాట కేసుగా మారుతుంది, ఒక కుర్రాడి భవిష్యత్తు కోర్టు వాయిదాల పాలవుతుంది. 1964 సెప్టెంబరులో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం గేటు దగ్గర విద్యార్థులు బల్లలు వేసుకుని కరపత్రాలు పంచకూడదని అధికారులు ఆంక్ష పెట్టారు. అక్టోబరు 1న అలా బల్ల దగ్గర కూర్చున్న ఒకర్ని అరెస్టు చేసి కారెక్కిస్తే, విద్యార్థులు ఆ పోలీసు కారు చుట్టూ కూర్చుని దాదాపు 32 గంటలు కదలనివ్వలేదు. డిసెంబరు 8న అధ్యాపకుల సెనేట్ 824-115 ఓట్లతో విద్యార్థుల వాదన వైపు నిలిచింది. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన మారియో సావియో పేరును అదే విశ్వవిద్యాలయం 1997లో విద్యార్థులు సభలు జరిపిన స్ప్రౌల్ హాల్ మెట్లకు పెట్టుకుంది. మూడు దశాబ్దాల తర్వాత గౌరవించిన దాన్ని ఆ రోజే విని ఉంటే అన్ని అరెస్టులు జరిగేవి కావు.

రెండో ఉదాహరణ చెప్పడానికి నాకు కష్టంగా ఉంది, అయినా చెప్పాలి. 1970 మే 4న అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ‘కామన్స్’ అనే మైదానంలో జరగాల్సిన సభను నిషేధించారు. అయినా విద్యార్థులు చేరారు. నేషనల్ గార్డు సైనికులు 13 సెకన్లలో 67 గుళ్లు కాల్చారు. నలుగురు చనిపోయారు, తొమ్మిదిమంది గాయపడ్డారు. చనిపోయినవారిలో నిరసనకు రాకుండా తరగతికి నడిచి వెళ్తున్నవారూ ఉన్నారు. అన్ని నిషేధాలూ అక్కడికే పోతాయని నేను అనడం లేదు. మైదానంలో చేరినవాళ్లను శత్రువులుగా చూడటం మొదలుపెడితే అది ఎంతవరకు పోగలదో మీకు గుర్తుచేస్తున్నాను.

3. ఆడపిల్లలకు భద్రత కోసమే కంచెలు అంటారు. ఆడపిల్లల్నే అడగండి. నలుగురు తిరిగే వెలుతురున్న బయలు దాటడానికి వాళ్లకు భయం లేదు. కంచెకూ కొత్త భవనం వెనక గోడకూ మధ్య మిగిలే ఇరుకు సందు దాటాలంటేనే భయం. జనం కళ్లు ఉన్నచోట ఉండే రక్షణ కెమెరాతో రాదు.

4. అక్కడ పనిచేసేవాళ్ల గురించి ఏ మాస్టర్ ప్లాన్‌లోనూ గీత ఉండదు. మా దగ్గర ఊడ్చే ఒకామె పొద్దున పని అయ్యాక వేపచెట్టు మొదట్లో కూర్చునేది. చీపురు చెట్టుకు ఆనించి, చెప్పులు విడిచి, పచ్చి గడ్డి మీద పాదాలు చాపుకుని, టిఫిన్ డబ్బా తెరిచి తినేది. ఆ కొంచెంసేపూ దారిన పోయే పిల్లలు ఆమెను పలకరించేవారు, ఆమె వాళ్లను పేరు పెట్టి పిలిచేది. ఇప్పుడు చెట్టు కంచె లోపలుంది. ఆమె జెనరేటర్ గది పక్కన మెట్ల కింద గోడకు ఆనుకుని తింటోంది. పలకరించేవాళ్లు లేరు, ఆ చప్పుడులో పలకరించినా వినపడదు. తోటమాలులకూ గార్డులకూ విశ్రాంతి గది లేదు. ఆ బయలే వాళ్ల విశ్రాంతి గది.

5. చుట్టుపక్కల జనానికి. ఊరి మధ్య ఉన్న విశ్వవిద్యాలయంలో పొద్దున్నే నడిచే ముసలివాళ్లు, సైకిల్ నేర్చుకునే పిల్లలు ఉంటారు. విశ్వవిద్యాలయం అంటే ఏమిటో ఆ పిల్లలకు మొదట తెలిసేది అలాగే. కొలంబియా విశ్వవిద్యాలయం న్యూయార్క్‌లోని మార్నింగ్‌సైడ్ పార్కులో వ్యాయామశాల కట్టబోయింది. అది ప్రజల పార్కు. పక్కనున్న హార్లెమ్‌వాసులకు కింది వైపున వేరే ద్వారం పెట్టారు. 1968లో హార్లెమ్ జనమూ విద్యార్థులూ కలిసి ఎదురు తిరిగాక ఆ ప్రణాళికను వదులుకోవాల్సి వచ్చింది. ఇరుగుపొరుగును పెరటి ద్వారంలో రమ్మన్న సంస్థకు వాళ్ల నమ్మకం తిరిగి సంపాదించుకోవడం ఎంత కష్టమో కొలంబియా వారినే అడగవచ్చు.

6. మట్టి కనిపిస్తేనే వాన భూమిలోకి ఇంకుతుంది. సిమెంటు చేశాక అదే వాన హాస్టల్ కింది అంతస్తులోకి వస్తుంది. ఇది మీ ఇంజినీర్లు నాకన్నా బాగా చెప్పగలరు.

సీట్లు పెంచాలి, ప్రయోగశాలలు కావాలి, ఎక్కడ కట్టమంటారు అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చదువు మరింతమందికి అందాలనే మేమూ కోరుతున్నాం. కానీ పాత భవనాల మీద అంతస్తులు వేయడం, వాడకంలో లేని క్వార్టర్లు, గోడౌన్లు తీసేసి కట్టడం, పార్కింగ్ కోసం పరిచిన సిమెంటు జాగాలు వాడటం వంటివి చూడకుండా నేరుగా మధ్యనున్న మైదానం మీదకు వస్తున్నారు. దాన్ని తీసుకోవడం తేలిక, దానికి యజమాని కనబడడు కాబట్టి. కనబడకపోవడానికి కారణం అది అందరిదీ కావడమే.

అందుచేత మేం అడుగుతున్నవి ఇవి:

1. ప్రతి విశ్వవిద్యాలయంలోనూ నడుమనున్న బయలును గుర్తించి, దాని హద్దులు కొలిచి, ‘ఇక్కడ ఏ కట్టడమూ రాదు’ అని పాలకమండలి తీర్మానం చేయాలి. ఆ హద్దులు మాస్టర్ ప్లాన్‌లో ఎక్కించి అందరికీ కనిపించేలా పెట్టాలి. తాత్కాలిక షెడ్లకు కూడా మినహాయింపు వద్దు. తాత్కాలికంగా వేసిన షెడ్డును మళ్లీ తీసేయడం మేం చూడలేదు.

2. గుమికూడరాదన్న బోర్డులు తీసేయాలి. అనుమతి పద్ధతి స్థానంలో సమాచారం పద్ధతి పెట్టండి: సభ పెట్టేవాళ్లు ముందుగా ఒక కాగితం ఇస్తారు, మీరు దానికి రసీదు ఇస్తారు. పరీక్షల రోజుల్లో మైకులు వద్దనడం, గ్రంథాలయం పక్కన చప్పుడు వద్దనడం, దారి మూయవద్దనడం మాకు సమ్మతమే. ఏం మాట్లాడుతారన్నది ఆ కాగితంలో అడగకూడదు. చేరినందుకు మాత్రమే ఎవరి మీదా క్రమశిక్షణ చర్య ఉండకూడదు, ఇప్పటికే ఉన్నవి ఎత్తివేయాలి.

3. ఖాళీ నేల మీద ఏది కట్టదలచినా నక్షా ముందే బయటపెట్టాలి. ఏ నేల మీద కడతారో ఆ నేల మీదే విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది, ఇరుగుపొరుగు వారితో బహిరంగ విచారణ జరపాలి. వచ్చిన అభ్యంతరాల్లో ప్రతిదానికీ రాతపూర్వకంగా కారణాలతో జవాబివ్వాలి. ఇప్పటికే కంచె వేసిన చోట్ల ఇది పూర్తయ్యేదాకా పని ఆపాలి.

4. బయలు లేని చోటును క్యాంపస్ అని ప్రకటనల్లో వేయకండి. కేంద్రం అనండి, శాఖ అనండి, భవనం అనండి. ప్రవేశాల కరపత్రంలో పచ్చిక బొమ్మ చూసి ఇంటినుంచి ఎంతో దూరం వచ్చిన పిల్లకు తీరా లిఫ్టు గుమ్మం కనబడటం అన్యాయం. ఎంత బహిరంగ స్థలం ఉందో, అది విద్యార్థులకు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కరపత్రంలోనే రాయాలి.

5. పారిశుధ్య కార్మికులు, తోటమాలులు, గార్డులు పని మధ్యలో ఆ బయలును వాడుకునే హక్కును రాతలో పెట్టాలి. పైగా వాళ్లకు విశ్రాంతి గది, తాగునీరు వేరుగా ఇవ్వాలి. ఒకటి ఇచ్చి రెండోది తీసేయవద్దు.

6. పొద్దునా సాయంత్రమూ కొన్ని గంటలు చుట్టుపక్కలవారికి గేటు తెరవాలి. వేళలు మీరే నిర్ణయించండి, కానీ బోర్డు మీద రాసి నిలబెట్టుకోండి.

7. ఈ విషయం మీద ఇప్పటికే మీ కార్యాలయాల్లో ముద్ర పడి ఆగిపోయిన వినతిపత్రాలన్నిటికీ 30 రోజుల్లోగా జవాబివ్వండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో రాయండి. ఆ గడువు లోపల ఎప్పుడు పిలిచినా మాట్లాడటానికి మేం వస్తాం. మూసిన గదిలో ఇద్దరు ప్రతినిధులతో కాకుండా, బయలు ఇంకా మిగిలి ఉన్నచోట అందరి ఎదుటా మాట్లాడమని మా విన్నపం. ఎండగా ఉంటే సాయంత్రం పెట్టుకుందాం, కుర్చీలు మేమే వేస్తాం.

ఇట్లు,
భాషాశాస్త్రం చెప్పే ఒక అధ్యాపకురాలు,
వినతిపత్రంపై సంతకాలు చేసిన విద్యార్థులు, అధ్యాపకులు, తోటమాలుల తరఫున